ఎదుటివాని తప్పు



2025వ సంవత్సరము జూలై 28వ తేది సోమవారము, దీపములు పెట్టు వేళ, మా మందిరపు వసారాలో అయిదారుగురు పిల్లలు ఒక ఫోను చుట్టు గుమిగూడి యుండిరి. ప్రార్థనకు ముందుగానే వచ్చిరి గదా అని సంతోషించి దగ్గరకు పోతిని. చూడగా అది చదరంగము. నల్లసముద్రపు ఒడ్డున జార్జియా దేశమందలి బటూమి పట్టణములో స్త్రీల ప్రపంచ కప్పు చివరి పోటీ జరుగుచున్నది. ఆడుచున్న వారిద్దరును మన దేశపు వారే. ఒకరు గుడివాడలో పుట్టిన కోనేరు హంపిగారు, వయస్సు 38. రెండవ ఆమె నాగపూరు అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్, వయస్సు 19. మా పిల్లలందరును హంపిగారి పక్షమేనని వేరుగా చెప్పనక్కరలేదు. కృష్ణ దాటినను గోదావరి దాటినను మన ఆడపడుచు మన ఆడపడుచే గదా!

ఆ ఆటలో ఎవరి గడియారములోను కాలము మిగులలేదు. ఇద్దరును తొందరలో తప్పులు చేసిరి. కడపటి తప్పు హంపిగారిది. ఆమె ఓటమి నొప్పుకొని చేయి చాపినది. ఆ చిన్నది చేయి కలిపి, పిమ్మట తన తల్లిని కౌగలించుకొని ఏడ్చినది. మా వసారాలో ఎవరును మాటలాడలేదు. తరువాత, పదవ తరగతి చదువుచున్న పిల్లవాడు ఒకడు నా వైపు తిరిగి అడిగెను: “అయ్యగారూ, ఈవిడ తప్పు చేసింది కాబట్టే ఆ అమ్మాయి గెలిచింది కదండీ. అంటే అవతలివాళ్లు ఎప్పుడు తప్పు చేస్తారా అని కాచుకొని కూర్చోవడమే కదా ఈ ఆట. ఒకళ్ల తప్పు కోసం అలా కాచుకోవడం మంచిదేనా అండీ?”

“ప్రార్థన వేళయినది, లోపలికి రండి” అని తప్పించుకొంటిని. గాని ఆ ప్రశ్న నన్ను తప్పించుకోనీయలేదు. ఆ రాత్రి పండుకొని మా యింటి వాసముల వైపు చూచుచు చాలసేపు మేలుకొని యుంటిని. వాసముల సంగతి తరువాత చెప్పెదను.

మొదట ఆటను గూర్చి రెండు మాటలు. మా పూర్వపు పెద్దలు కొందరు పేకముక్కలను, పాచికలను, చదరంగమును ఒకే గాటను కట్టి, సంఘస్థులు ముట్టరాదనిరి. వారి భక్తిని నేను తక్కువ చేయను గాని ఈ విషయమున వారు పొరపడిరని నా అభిప్రాయము. పాచిక వేయువాడు ఓడినచో అదృష్టమును తిట్టుకొనును. చదరంగములో తిట్టుకొనుటకు ఎవరును లేరు. చెరి పదునారు పావులు. రాజు, మంత్రి, ఏనుగులు, గుఱ్ఱములు, శకటులు, బంట్లు అన్నియు బల్లమీద కన్నుల యెదుటనే యుండును. దాచిన ముక్క లేదు. ఇద్దరును తప్పు లేకుండ ఆడినచో ఆట సమముగానే ముగియునని ఆట తెలిసిన వారిలో ఎక్కువమంది నమ్మిక. అట్లయినచో గెలుపనునది ఎక్కడనుండి వచ్చును? ఎదుటివాని తప్పునుండియే వచ్చును. గెలువగోరువాడు, నోటితో ఏమి చెప్పినను, ఎదుటివాడు తప్పు చేయవలెననియే కోరుచున్నాడు. పిల్లవాడు అడిగినది చిలిపి ప్రశ్న కాదు.

బటూమిలో జరిగినది చూడుడి. 26వ తేదిని, 27వ తేదిని జరిగిన రెండు పెద్ద ఆటలును సమముగా ముగిసెను. ఆ ఆటలలో మొదటి నలుబది ఎత్తులకు ఒక్కొక్కరికి తొంబది నిమిషములుండును. 28వ తేదిని చిన్న ఆటలు. ఒక్కొక్కరికి పదునైదు నిమిషములు, ఎత్తు ఎత్తునకు మరి పది సెకండ్లు. మొదటిది సమము. రెండవదానిలో నల్లపావులతో ఆడిన దివ్య గెలిచినది. తొంబది నిమిషములలో కనబడు ప్రమాదము పది సెకండ్లలో కనబడదు. ఆట తెలియక హంపిగారు తప్పు చేసెనని ఎవడైన అనునెడల వానికి ఆమె సంగతి తెలియదనవలెను. 2002లో, పదునైదేండ్ల ప్రాయమున, మన దేశపు స్త్రీలలో మొదటి గ్రాండ్‌మాస్టరైనది ఆమె. అప్పటికి ఈ దివ్య పుట్టనే లేదు. తల్లియైన దినములలో ఆట విడిచి, మరల వచ్చి, 2019లో మాస్కోలోను 2024లో న్యూయార్కులోను త్వరిత చదరంగమున ప్రపంచ విజేతయైనది. కాలము తక్కువైనప్పుడు ఎట్లాడవలెనో ఆమెకు ఒకరు నేర్పనక్కరలేదు. అట్టి ఆమెయు తప్పినది.

మరియొక సంగతి. దానికి నాలుగు దినముల ముందు, 24వ తేదిని, అదే పట్టణములో చైనాదేశపు లే టింగ్జీ అను ఆమెతో హంపిగారు తలపడిరి. అక్కడను ఆటలు ఒకదాని వెంట ఒకటి సమమగుచు, కాలము కుదించుకొని పోయెను. ఒక ఆటలో హంపిగారు ఓడి, ఇంకొకటి ఓడినచో ఇంటికి పోవలసిన స్థితికి వచ్చిరి. ఆ ఆట గెలిచి, తరువాత అయిదేసి నిమిషముల ఆటలు రెండును గెలిచి ముందుకు వచ్చిరి. ఆ దినమున తొందరలో తప్పులు చేసినది లే టింగ్జీ. ఆ తప్పులను కనిపెట్టి వాడుకొన్నది మన హంపిగారే. మా పిల్లలలో ఒకడును ఆ దినము ఈ ప్రశ్న వేయలేదు! ఇది చెప్పినప్పుడు వాడు తల వంచుకొని నవ్వెను. ఓడినవాడు మనవాడైనప్పుడే మనకు ధర్మము జ్ఞాపకము వచ్చుట మానవ స్వభావము.

అయినను ప్రశ్న ప్రశ్నగానే యున్నది. శత్రువు పడినప్పుడు సంతోషింపకూడదని సామెతల గ్రంథము 24వ అధ్యాయము చెప్పుచున్నది. దావీదు ఏన్గెదీ గుహలో దాగియున్నప్పుడు, తన్ను చంపుటకు వెదకుచున్న సౌలు ఏమరుపాటున ఆ గుహలోనికే వచ్చెను. అంతకన్న పెద్ద తప్పు ఎత్తు ఉండునా? దావీదు మనుష్యులందరు, ఇదే సమయమని చెప్పిరి. అతడు బట్ట చెంగు మాత్రము కోసి, దానికే మనస్సు నొచ్చుకొనెను. మరి దివ్యయు దావీదువలె హంపిగారి తప్పును చూచి విడిచిపెట్టవలసి యుండెనా?

ఆ పిల్లవానినే అడిగితిని. “నీవు మీ తరగతి స్నేహితునితో ఆడుచున్నావు. నీవు తప్పెత్తు వేసితివి. వాడు చూచి, జాలిపడి, కావలెనని వేరే ఎత్తు వేసెను. నీవు గెలిచితివి. తరువాత ఆ సంగతి నీకు తెలిసినది. ఏమనుకొందువు?” వాడు క్షణము కూడ ఆలోచింపలేదు. “తంతానండి” అనెను.

వాని సమాధానములో నాకు దారి దొరకినది. గుహలోనికి వచ్చిన సౌలు దావీదుతో పందెమునకు కూర్చుండి రాలేదు. తన తప్పును దావీదు వాడుకొనుటకు అతడు ఒప్పుకొని యుండలేదు. చదరంగపు బల్లయొద్ద కూర్చున్నవాడు కూర్చుండుటలోనే ఒక మాట యిచ్చుచున్నాడు. నా తప్పును నీవు విడువవద్దు, నీ తప్పును నేను విడువను అని. చేయి కలిపి మొదలుపెట్టుట ఆ మాటకే. విడిచిపెట్టినవాడు దయ చూపినట్లు కనబడును గాని, నిజమునకు ఎదుటివానిని చిన్నపిల్లవానిగా ఎంచి, అబద్ధపు గెలుపును వాని చేతిలో పెట్టుచున్నాడు. హంపిగారు అట్టి గెలుపును పుచ్చుకొని యింటికి వచ్చెదరా? నేననుకొనను. తప్పు చేయించుటకు కష్టమైన ఎత్తులు వేయుట, చేసిన తప్పును కనిపెట్టుట, ఇవి ఆ బల్లమీద ఒకరికొకరు చేయవలసిన మర్యాదలు. ఎదుటివాని బుద్ధిని గౌరవించు విధము అది.

అయితే ఆ మర్యాద బల్ల అంచుతో ముగియును. దీనికి ఒక మంచి సాక్ష్యము కలదు. 1972లో ఐస్‌లాండు ముఖ్యపట్టణమైన రెయిక్యవిక్‌లో రష్యా విజేత స్పాస్కీకి, అమెరికావాడైన ఫిషరుకు ప్రపంచ పోటీ జరిగెను. ఫిషరు మొదటి ఆట ఓడెను. ఫోటో యంత్రముల విషయమై అలిగి రెండవ ఆటకు రానేలేదు. అది కూడ స్పాస్కీ ఖాతాలో పడి రెండు–సున్న అయినది. మూడవ ఆట జనమున్న చావడిలో గాక వెనుక నున్న చిన్న గదిలోనైతే ఆడెదనని ఫిషరు పట్టుబట్టెను. స్పాస్కీ కాదని యుండవచ్చును. కాదనినచో ఫిషరు విమానమెక్కి పోయి యుండునని చాలమంది తలంచిరి, పదవి కూర్చున్నచోటనే దక్కి యుండును. అతడు ఒప్పుకొని ఆ చిన్న గదిలో ఆడెను. ఆడి ఓడెను. చివరకు పదవియే పోయెను. ఆరవ ఆటలో ఫిషరు చక్కగా ఆడి గెలిచినప్పుడు జనముతో పాటు తానును చప్పట్లు కొట్టెను. 2025 ఫిబ్రవరిలో స్పాస్కీ మరణించినప్పుడు ఈ సంగతినే లోకము తలచుకొన్నది. బల్లమీద ఫిషరు చేసిన ఏ తప్పును అతడు ఊరక విడువలేదు. బల్ల వెలుపల మాత్రము, ఎదుటివాని అలుకను తన గెలుపుగా మార్చుకొనుటకు ఇష్టపడలేదు.

ఇంతవరకు పిల్లవానికి చెప్పగలిగితిని. వాడు తృప్తిపడి పోయెను. నాకే తృప్తి కలుగలేదు. ఎందుకనగా మనలో అనేకులు బల్ల లేనిచోట బల్ల ఉన్నదని చెప్పుకొని బ్రదుకుచున్నాము. “వ్యాపారమన్నాక అంతే, ఎవడి తెలివి వాడిది” అను మాట మీరును వినియుందురు. ఏశావు పొలమునుండి అలసి వచ్చినప్పుడు యాకోబు ఎర్రని వంటకము చూపి జ్యేష్ఠత్వము కొనెను. అబద్ధమాడలేదు, బలవంతము చేయలేదు. ఏశావు తొందరపడి తప్పెత్తు వేసెను, యాకోబు కనిపెట్టెను; అంతేగదా అని అడుగవచ్చును. గాని అక్కడ ఒకడు కుండ ప్రక్క కూర్చుండియున్నాడు, ఒకడు ఆకలితో నిలువబడియున్నాడు. చెరి పదునారు పావులు ఎక్కడ? ఇద్దరికి సమానమైన గడియారము ఎక్కడ?

ఇప్పుడు వాసముల సంగతి.

1996 నవంబరు 6వ తేది రాత్రి వచ్చిన తుఫానును కోనసీమవారికి నేను వర్ణించి చెప్పనక్కరలేదు. నాకప్పుడు పదునాలుగేండ్లు. వేయిమందికి పైగా జనులు చనిపోయిరి. తెల్లవారి చూడగా కొబ్బరిచెట్లు లక్షలుగా నేల పడియుండెను. నిలిచినవాటికి తలలు లేవు. మా నాన్నగారు చిన్న కొబ్బరి వ్యాపారము చేయుచుండెడివారు. అంబాజీపేట మార్కెట్టులో నలుగురితో మాటగలవారు, చేతిలో నాలుగు డబ్బులుండెను. మా వీధిలోనే ఒకాయనకు పది సెంట్ల దొడ్డిలో కొబ్బరిచెట్లుండెడివి. అన్నియు పడిపోయెను. ఇంటిలో గింజలు లేవు, పసిపిల్లలున్నారు. మా నాన్నగారు ఆ చెట్ల మానులు కొనిరి. ఆ మానులను చీల్చిన వాసములే నేటికిని మా యింటి పెంకును మోయుచున్నవి.

ఏమి ధరకు కొనిరో నాకు తెలియును. ఆ లెక్క చెప్పుచు మా నాన్నగారు మా అమ్మతో నవ్వుట నేను వింటిని. ఆయన చెడ్డవాడు కాడు. ఎన్నడును తూకములో మోసము చేయలేదు. తరువాతి కాలమున ఒకసారి నేను ఆ మాట ఎత్తగా, “చెట్లు నేను పడగొట్టానా? ఊళ్లో ఎక్కడ చూసినా మానులే. ధర పడిపోదా? నేను కాకపోతే ఇంకొకడు అంతకీ కొనడు” అనిరి. ఆ మాటలో న్యాయము లేదని నేననను. సరుకు కుప్పలుగా పడినప్పుడు ధర పడును; అది ఎవరి పాపమును కాదు. గాని ఆ పడిన ధరకన్న కూడ తక్కువకు కొనిరి. సరుకు ఎక్కువగుటవలన తగ్గినది ఎంత, ఆ సాయంత్రమునకు బియ్యము కావలసి యుండుటవలన తగ్గినది ఎంత? ఆ రెండవ భాగమే ఇన్ని ఏండ్లు నా తలమీద నున్నది. ఆ ఇంటివాని గడియారములో పది సెకండ్లు కూడ లేవు; మా నాన్నగారి గడియారములో దినమంతయు ఉన్నది.

ఇంకొక భేదము చూడుడి. బటూమిలో ఓడిన హంపిగారికి ముప్పది అయిదు వేల డాలర్లు, గెలిచిన దివ్యకు ఏబది వేలు. తరువాతి పెద్ద పోటీయైన క్యాండిడేట్స్‌లో ఆడు హక్కు ఇద్దరికిని కలిగెను. మరునాడు పెట్టె తెరచినచో పదునారు పావులును మరల నిలిచియుండును. కొబ్బరిమొక్క నాటినచో కాపునకు వచ్చుటకు ఆరేడు ఏండ్లు పట్టును. ఆ ఆరేడు ఏండ్లును ఆ యింటివారు ఏమి తినిరి?

మా నాన్నగారు ప్రభువునందు నిద్రించి కొన్ని సంవత్సరములైనది. మానులు అమ్మినాయన ముసలివాడై మా వీధిలోనే యున్నాడు; ప్రతి ఆదివారము రెండవ వరుసలో కూర్చుండును. వేదాంత పాఠశాలనుండి తిరిగివచ్చి నేను ప్రసంగించుట మొదలుపెట్టిన దినమునుండి ఆయన యెదుట నిలిచి న్యాయమును గూర్చి ఎన్నిమారులు చెప్పితినో! ఆ వారమే, మనస్సు ఆగక, ఒక కవరులో కొంత డబ్బు పెట్టుకొని వారి యింటికి పోతిని. ఆ కాలపు మానుల ధర తెలిసిన ఒక ముసలి వర్తకుని అడిగి లెక్క కట్టితిని. అది సరియైన లెక్క కాకపోవచ్చును. ఇన్ని ఏండ్లకు వడ్డీ ఎట్లు కట్టవలెనో నాకు తోచలేదు.

“బాబాయిగారూ, తుఫానప్పటి మానుల సంగతి” అని మొదలుపెట్టితిని.

ఆయన చాలసేపు ఊరకుండెను. తరువాత అనెను: “అయ్యగారూ, ఆ రోజు మీ నాన్నగారు కొనకపోతే మా యింట్లో పొయ్యి వెలిగేది కాదండి. ఆ మేలు నేను మరిచిపోలేదు. ధర తక్కువే. తక్కువని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. దానికి నాకేమీ బాధ లేదండి ఆయ్. కాని ఒక్కటే. అంతకు ముందు రోజు దాకా అరుగు మీద కూర్చుని ఇద్దరం ఒక్క చుట్ట పంచుకొని కాల్చుకొనేవాళ్లం. ఆ రోజు ధర చెప్పినప్పుడు మాత్రం ఆయన నా మొహం వైపు చూడలేదు. పడిపోయిన చెట్టు వైపు చూస్తూ చెప్పాడు. ఆ తరవాత మళ్లీ మా అరుగెక్కలేదు. నేను చాలాసార్లు పిలిచాను.”

ఫోనులో చూచిన ఆ రెండు చేతులు నాకు జ్ఞాపకము వచ్చెను. ఓడిన ఆమె చేయి చాపినప్పుడు గెలిచిన పిల్ల ఆ చేయి పట్టుకొన్నది. మా నాన్నగారు ఆ అరుగును ఎందుకు మానుకొనిరో నాకు అప్పుడు తెలిసినది. న్యాయమే చేసితినని నోటితో అనుచుండినను, ఆయన కాళ్లు ఆ వాకిలి వైపు నడువలేదు.

కవరు ముందుకు చాచితిని. “ఇప్పుడు నాకెందుకండీ ఇది” అని ఆయన వెనుకకు నెట్టెను. మేమిద్దరము అట్లు చాచుచు నెట్టుచు నుండగా, లోపలినుండి ఆయన భార్య వచ్చినది. “ఆ చెట్లు మా అత్తగారు బిందెలతో నీళ్లు మోసి పెంచినవి. ఇలా ఇవ్వండి” అని నా చేతిలోని కవరు పుచ్చుకొని, ఎంత యున్నదో చూడకుండ, దూలము సందున నున్న రేకు డబ్బాలో పెట్టినది. తరువాత నన్ను కూర్చుండుమని చెప్పి, కాఫీ పెట్టుటకు లోపలికి పోయినది. నేను ఆ అరుగుమీద కూర్చుంటిని.